రీలు నుండి సెల్‌ఫోను దాక: పాతబస్తీ బొమ్మల కథ

1984 ఆగస్టు 15వ తేదీన విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు దూరదర్శన్ ద్వారా దేశమంతటికిని పాఠములు ప్రసారము చేయుట ఆరంభించిరి. కళాశాల లేని ఊరిలో సైతము ఒక పెట్టె ముందు కూర్చుండి పాఠము వినవచ్చునని అధ్యాపకులు సంతోషించిరి. మరునాడే, 16వ తేదీన, హైదరాబాదులో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము తొలగింపబడెను. నాదెండ్ల భాస్కరరావుగారు ముఖ్యమంత్రి యైరి. సరిగా నెల తిరుగునప్పటికి, సెప్టెంబరు 16న, రామారావుగారు మరల గద్దె నెక్కిరి. ఆ నెల దినముల రాజకీయ నాటకము తెలుగువారికి బాగుగ జ్ఞాపకమున్నది. ఆ నాటకము నడుచుచున్న దినములలోనే మూసీకి దక్షిణపుటొడ్డున, పాతబస్తీలో, జరిగినది మాత్రము అంతగా జ్ఞాపకము లేదు. అచ్చట మతకలహములు చెలరేగెను. కత్తిపోట్లు, దహనములు, ఆపై కర్ఫ్యూ. గాజుల దుకాణములు మూతపడెను. ఏ దినమున కా దినము సంపాదించి తినువారి యిండ్లలో పొయ్యి వెలుగలేదు.

ఆ దినములలో ఆ వీధులలో ఒక 16 మిల్లీమీటర్ల కెమెరా తిరిగినది. దాని వెనుక నిలిచినవారు దీపా ధన్‌రాజ్, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్. వారికి తోడుగ ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆంగ్లము బోధించిన సోషలిస్టు కేశవరావు జాదవ్‌గారును, మతసామరస్యము కొరకు పనిచేయుచుండిన హైదరాబాద్ ఏక్తా అను బృందమువారును ఉండిరి. వారు తీసిన చిత్రము 1986లో పూర్తియైనది. పేరు ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ ఈ నగరమున కేమైనదని దాని అర్థము.

చిత్రము నిడివి సుమారు గంటన్నర. నేడు సెల్‌ఫోను చేతబట్టిన బాలునికి గంటన్నర బొమ్మ తీయుట ఒక లెక్కలోనిది కాదు. ఆనాటి లెక్క వేరు. 400 అడుగుల రీలు ఒకటి కెమెరాలో ఎక్కించినచో 11 నిమిషములు వచ్చును, అంతతో సరి. క్రొత్త రీలు ఎక్కించువరకు ఎదుట ఏమి జరిగినను కెమెరా గ్రుడ్డిదే. తీసినది ఎట్లు వచ్చినదో వెంటనే చూచుకొను వీలు లేదు. లేబొరేటరీకి పంపి, కడిగించి, అచ్చు వేయించి చూడవలెను. ఖర్చు అడుగుల చొప్పున లెక్క. కావున మీట నొక్కుటకు ముందే ఇది తీయదగినదా కాదా అని తేల్చుకొనవలసి యుండెను. ఊరేగింపు నడుచుచున్న వీధిలో, మరుక్షణము ఏమి జరుగునో తెలియని చోట, ఆ నిర్ణయము చేయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఈ చిత్రము యొక్క విశేషము కలహమును చూపుటలో లేదు. కలహమునకు కారణము వెదకుటలో ఉన్నది. సామాన్యముగ వార్తలలో వచ్చునది ఇంతే: ఇరువర్గముల మధ్య ఘర్షణ, ఇంతమంది మృతి, పరిస్థితి అదుపులో నున్నది. ఆ మూడు వాక్యములు చదివినవానికి మతమే కారణమని తోచును. చిత్రనిర్మాతలు అంతతో తృప్తి చెందలేదు. రాజకీయ పక్షముల పోటీలోను, పాతబస్తీ పేదరికములోను, 1948 తరువాత ఆ ప్రాంతము పొందిన మార్పులలోను కారణములు వెదకిరి. నాయకులను మాటాడించిరి. అంతకంటె ముఖ్యముగ, నష్టపోయినవారిని మాటాడించిరి. కెమెరాకు ఎదుట కూర్చుండి ఒక స్త్రీ తన యింటికి జరిగినదానిని తన మాటలలో చెప్పుకొనునప్పుడు ప్రేక్షకుడు ఆ మాటను అంకెగా మార్చుకొనలేడు. ఇట్టి చిత్రములు చేయగల మేలు అదియే.

ఇట్టి చిత్రములకు సినిమా హాళ్ళలో చోటు దొరకదు. 1948లో నెలకొల్పబడిన ఫిల్మ్స్ డివిజన్‌వారి లఘుచిత్రములను మాత్రము ప్రతి హాలులోను అసలు సినిమాకు ముందు తప్పక చూపవలెనని నిబంధన యుండెను. నేటి వృద్ధ ఉపాధ్యాయులకు ఆ చిత్రములు జ్ఞాపకముండును: ఆనకట్టలు, వరదలు, టీకాలు, నృత్యరీతులు, గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానము. బీడీ ముట్టించుకొనుటకు వెలుపలికి పోవు సమయమని వానిని హేళన చేసినవారును కలరు. అది కొంత అన్యాయము. ఆ చిత్రములు లేకున్నచో ఆ తరమువారు కళ్ళార చూడని దేశమెంతయో మిగిలిపోయి యుండెడిది. కాని ప్రభుత్వము తీయు చిత్రము ప్రభుత్వమును ప్రశ్నింపజాలదు గదా! ప్రశ్నించు చిత్రములు కళాశాలల గదులలోను, సంఘముల కార్యాలయములలోను, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరుతో గోడమీద పరచిన దుప్పటి పైని ఆడవలసి వచ్చెను. ఆ ఫిల్మ్స్ డివిజన్ సైతము 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైపోయినది.

ఇచ్చట విద్యార్థులు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. డాక్యుమెంటరీ అనగా ఉన్నది ఉన్నట్లు చూపుటయే అయినచో అందులో కల్పనాశక్తికి, సృజనకు తావెక్కడిది? ఆ పదమును చలనచిత్రమునకు వాడుకలోనికి తెచ్చినవాడు జాన్ గ్రియర్సన్ అను స్కాట్లండువాడు. 1926లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘మొవానా’ చిత్రమును సమీక్షించుచు వాడెను. వాస్తవమును సృజనాత్మకముగ మలచుటయే ఈ కళయని ఆయన తరువాత వివరించెను. ఆ ఫ్లాహర్టీయే 1922లో ‘నానూక్’ అను చిత్రమున మంచుదేశపు కుటుంబ మొకదాని జీవితమును చూపెను. అందులో మంచుయింటి లోపల ఆ కుటుంబము నిదుర లేచు దృశ్యము కలదు. నిజమైన మంచుయిల్లు ఇరుకు. లోపల కెమెరాకు చాలినంత వెలుతురుండదు. కావున పెద్దదిగ ఒక యింటిని కట్టించి, ఒక ప్రక్క కోసి తెరచి, ఆ దృశ్యమును తీసిరి. చలిలో ఆ కుటుంబము బయటనే పరుండినట్లు! ఇది అబద్ధమా? కళయా? నూరేండ్లు దాటినను వాదము తీరలేదు. ఆ వాదము తరగతిగదిలో పెట్టినచో ఒక పీరియడు చాలదు.

ఈ ప్రశ్నకు హైదరాబాదులోనే, తెలుగులోనే, చక్కని ఉదాహరణ మొకటి కలదు. దీపా ధన్‌రాజ్ పాతబస్తీ చిత్రమునకు ముందు కొందరు మిత్రులతో కలిసి ‘యుగాంతర్’ అను చిత్రబృందమును నడపిరి. పూనాలో ఇండ్లలో పనిచేయు స్త్రీలను గూర్చి, నిపాణిలో పొగాకు కార్ఖానాల కూలి స్త్రీలను గూర్చి, హిమాలయ గ్రామములలో చెట్లను కాపాడిన స్త్రీలను గూర్చి ఆ బృందము చిత్రములు తీసినది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి 1983లో తీసిన చిత్రము పేరు ‘ఇది కథ మాత్రమేనా’. నిడివి అరగంటకు లోపే. పాత్రలు కల్పితములు, కాని ఆ కల్పన ఆ సంఘములోని స్త్రీలు కూర్చుండి తమ సంసారములను, తమ చెలిమిని, గడపలోపలి హింసను గూర్చి చెప్పుకొన్న మాటల నుండి పుట్టినది. పేరులోనే ప్రశ్న యున్నది. కథయని పేరు పెట్టుకొని నిజము చెప్పిన ఆ చిత్రమునకును, నిజమని పేరు పెట్టుకొని మంచుయింటిని సగము కోసిన చిత్రమునకును నడుమ ఏది ఎక్కువ వాస్తవమో పిల్లలనే తేల్చనిండు.

ఆ స్త్రీశక్తి సంఘటనవారే టేప్‌రికార్డరు పట్టుకొని తెలంగాణా సాయుధపోరాటములో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకములను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథమును వెలువరించిరి. ఒకే కాలమున, ఒకే నగరమున, ఒకరు గొంతులను టేపు పైకి ఎక్కించుచుండిరి, ఒకరు ముఖములను ఫిల్ము పైకి ఎక్కించుచుండిరి. 1980ల దశకపు హైదరాబాదును గూర్చి వ్రాయువారు శాసనసభను గూర్చి పుటలు నింపుదురు. ఈ టేపులను, ఈ రీళ్ళను గూర్చి ఒక వాక్యమైన వ్రాయరు.

రీళ్ళకు ఆయుస్సు తక్కువ. ఫిల్ము పట్టీ కాలక్రమమున పులియును; డబ్బా మూత తీసినచో సిర్కా వాసన కొట్టును. పట్టీ ముడుచుకొనును, పెళుసెక్కును. రంగుల చిత్రములో రంగులు వెలిసిపోయి ఎరుపు మాత్రము మిగులును. హైదరాబాదు ఎండకును, గాలి చొరని గదులకును ఇది మరింత వేగముగ జరుగును. మన దేశములో తొలి టాకీయైన ‘ఆలం ఆరా’ 1931లో విడుదలైనది. నేడు దాని ప్రతి ఒక్కటియు లేదు. గొప్ప కంపెనీల చిత్రములకే ఈ గతి పట్టగా, చందాలతో తీసిన లఘుచిత్రము గతి యేమి?

అయినను ఈ చిత్రములు దక్కినవి. దక్కించినది బెర్లిన్ నగరములోని ఆర్సెనల్ అను సంస్థ. 1963 నుండి చలనచిత్రములను చూపుచు, సేకరించుచు వచ్చిన ఆ సంస్థవారు తమ భాండాగారములోని చిత్రములను క్రొత్తకాలమునకు అందించు యత్నములో భాగముగ 2013 ప్రాంతమున ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ చిత్రమును డిజిటల్ పద్ధతిలో పునరుద్ధరించి డి.వి.డి.గా వెలువరించిరి. తరువాత ‘ఇది కథ మాత్రమేనా’ మొదలగు యుగాంతర్ చిత్రములకును అట్టి భాగ్యమే కలిగినది. పునరుద్ధరణ యనిన ఏదో మీట నొక్కుట కాదు. సెకనుకు 24 బొమ్మలు. గంటన్నర చిత్రములో 1,29,600 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను యంత్రము ముందు నిలిపి వెలుతురు పెట్టి అంకెలుగా మార్చవలెను. గీతలు, ధూళి, మరకలు తుడువవలెను. వెలిసిన రంగును తిరిగి నిలుపవలెను. శబ్దమును వేరుగ శుభ్రపరుపవలెను. ఇన్ని చేయునప్పుడు వీధిలోని ధూళి ఏదో, పట్టీ మీది ధూళి ఏదో కన్ను గుర్తింపవలెను. లేనిచో పాతబస్తీ గాలిలోని దుమ్మును కూడ తుడిచివేయు ప్రమాదము కలదు.

చార్మినారునకు కూతవేటు దూరములో జరిగిన సంగతిని బెర్లిన్‌లో భద్రపరుపవలసి వచ్చుట ఎవరికైనను కొంత చిన్నతనముగనే తోచును. ఈ నగరమునకు బొమ్మల విలువ తెలియక కాదు. 1894లో ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్‌కు ఆరవ నిజాము రాజా బిరుదునిచ్చి ఆదరించెను. 1922లో ధీరేన్ గంగూలీ అను బెంగాలీ కళాకారుడు ఇచ్చటికి వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ స్థాపించి మూకీ చిత్రములు తీసెను. కాని 1924లో ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శించినందుకు ఏడవ నిజామునకు ఆగ్రహము కలిగి అతడు నగరము విడిచిపోవలసి వచ్చెను. తెరమీది బొమ్మను చూచి ఏలువారు ఉలికిపడుట ఈ నగరమునకు క్రొత్తది కాదు. ఇష్టమైన బొమ్మను గోడకు తగిలించుకొనుట ఒకటి. ఇష్టము లేని బొమ్మను కూడ భద్రపరచుట మరియొకటి. రెండవది నాగరకతకు పరీక్ష.

ఇక డిజిటల్ కాలములో పుట్టిన బొమ్మల సంగతి. 1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. చార్మినారునకు అది సుమారు 20 కిలోమీటర్లు. ఆ 20 కిలోమీటర్ల దూరమే కథావస్తువుగా 2005లో ‘ది అంగ్రేజ్’ అను చిత్రము వచ్చినది. కుంటా నిఖిల్ దర్శకుడు. అమెరికా నుండి వచ్చిన ఇద్దరు సాఫ్ట్‌వేరు యువకులు చార్మినారు చూడబోయి అచ్చటి ఇస్మాయిల్ భాయి బృందముతో తగవు పడుదురు, కథ యింతే. పేరుపొందిన తారలు లేరు, పెద్ద పెట్టుబడి లేదు. అయినను చార్మినారు దగ్గర చాయ్ హోటలులో కూర్చుండి గొప్పలు కోసికొను సలీం ‘ఫేకూ’ మాటలు నగరమంతట నోటినోట ప్రాకినవి. హాళ్ళలో కంటె సి.డి. బిళ్ళల మీదనే ఆ చిత్రము ఎక్కువ దూరము పోయినది. ఒక బిళ్ళలో 74 నిమిషములు పట్టును. చిత్రమునకు రెండు బిళ్ళలు. ప్రతులు తీయుటకు క్షణములు, ఖర్చు స్వల్పము. నిర్మాతకు రావలసిన డబ్బు రాకపోవుట నిజమే. కాని గల్ఫ్ దేశములలో పనిచేయు పాతబస్తీ యువకుల గదులకు ఆ చిత్రము చేరుటయు నిజమే. యూట్యూబ్ పుట్టినదియు 2005లోనే. ఆ చిత్రపు ముక్కలు తరువాత అందులోనికి ఎక్కినవి.

‘అంగ్రేజ్’ను హాస్యచిత్రముగ మాత్రమే చూచుట సరికాదు. బొంబాయి చిత్రములలో దక్కనీ మాట వినబడినచో అది వంటవాని నోటనో, విదూషకుని నోటనో వినబడెడిది. ఈ చిత్రములో అది అందరి నోట వినబడినది. చదువరులు గమనింపదగిన భాషావిశేష మొకటి ఇచ్చట చెప్పవలెను. హిందీలో ‘అతడు చెప్పెను, వచ్చెదనని’ అను క్రమములో వాక్యము నడచును; ‘కి’ అను మాట నడుమ వచ్చును. దక్కనీలో అట్లు కాదు. ‘ఆతూఁ బోల్‌కే బోలా’ అందురు. ‘వస్తానని చెప్పాడు’ అను తెలుగు వాక్యములోని ‘అని’ ఉన్న చోటనే ‘బోల్‌కే’ కూర్చుండినది. మాటలు ఉర్దూవి, నడక తెలుగుది. ‘నక్కో’ అనునది మరాఠీ నుండి వచ్చినది. తెలుగు ఉపాధ్యాయుడు వ్యాకరణము చెప్పుచు ఈ యొక్క వాక్యము నల్లబల్ల మీద వ్రాసినచో, ఇరుభాషల పిల్లలు కూర్చుండిన తరగతిలో కలుగు ఉత్సాహము చెప్పనలవి కాదు.

ఈ భాష నిన్న మొన్నటిది కాదు. హైదరాబాదు నిర్మాతయైన మహమ్మద్ కులీ కుతుబ్ షా (1580–1612 పాలన) దక్కనీలో కవిత్వము చెప్పినవాడే. రాజసభలో పుట్టి పెరిగిన భాష కాలక్రమమున ఉర్దూ శిష్టుల దృష్టిలో మోటయై, హాస్యమునకు మాత్రమే పనికివచ్చు భాషగా దిగజారెను. అట్లు దిగజారినదానినే ఆయుధముగ చేసికొని సులేమాన్ ఖతీబ్ వంటి కవులు ముషాయరాలలో వేలమందిని నవ్వించిరి. నవ్వించుచునే అత్తాకోడండ్ల వ్యథను, బీదవాని ఆకలిని చెప్పిరి. ఈ సంప్రదాయమును వెదకికొనుచు గౌతమ్ పెమ్మరాజు తీసిన డాక్యుమెంటరీ ‘ఎ టంగ్ అన్‌టైడ్’. దక్కనీ హాస్యవ్యంగ్య కవుల కథయే దాని వస్తువు. కవిత్వమును కాగితము మీద చదువుట వేరు, చెప్పు కవి ముఖమును, ఎదుట ‘వాహ్వా’ అను సభను చూచుట వేరు. అచ్చుపుస్తకము పట్టుకొనలేని సగమును కెమెరా పట్టుకొనగలదు.

‘అంగ్రేజ్’ తరువాత 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ మొదలుగా అదే బాటలో చిత్రములు వరుసగా వచ్చినవి. ఆ పిమ్మట యూట్యూబ్‌లో దక్కనీ హాస్యపు లఘుచిత్రములు వెల్లువయైనవి. ఇందులో చమత్కారము కలదు, నటనాశక్తి కలదు. కాని లోపమును దాచుట స్నేహలక్షణము కాదు. పాతబస్తీవాడనిన పనిలేక చబుత్రా మీద కూర్చుండి గొప్పలు చెప్పువాడనియో, లేక జేబులో కత్తి పెట్టుకొని తిరుగువాడనియో ఈ చిత్రములలో తరచుగ స్థిరపడిపోయినది. ఆ గల్లీలలోనే తెల్లవారుజామున లేచి బడికి పోవు బాలికలు ఈ తెరమీద కానరారు. బయటివారు తమను వికృతముగ చూపిరని కోపించినవారు, తమ చేతికి కెమెరా వచ్చినప్పుడు తమను తామే అట్లు చూపుకొనుట విచిత్రము. నవ్వు తొందరగ అమ్ముడుపోవుటయే కారణము కావచ్చును.

2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత ఫోనులో బొమ్మలు చూచుట బీదవానికి సైతము అందినది. అదే సంవత్సరము జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించెను. విద్యార్థుల ఉద్యమము దేశమంతట వ్యాపించెను. దానిని గూర్చి దీపా ధన్‌రాజ్ 2018లో తీసిన చిత్రము ‘వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై’. 1984లో కర్ఫ్యూ వీధులలో కెమెరాలు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవి. 2016లో ప్రతి విద్యార్థి చేతిలోను ఒక కెమెరా. సాక్ష్యము కరవైన కాలము పోయి, సాక్ష్యములలో ఏది నిలుపుకొనవలెనో తెలియని కాలము వచ్చినది.

పాతబస్తీలో నేడు కెమెరా లేని గల్లీ లేదు. చార్మినారు ముందు సాయంకాలము నిలిచినచో రీల్సు తీయు యువకులే అడుగడుగున తగులుదురు. మరికొందరు కళాశాల విద్యార్థులు పనిముట్ల వెంట పడుదురు. అందులో లాడ్‌బజారు లక్కగాజు ముఖ్యము. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కాలుచున్న లక్కను కర్రతో సాగదీసి, చుట్టగా చుట్టి, అచ్చునకు ఎక్కించి, వేడి ఆరకముందే రాళ్ళు పొదుగవలెను. వ్రేళ్ళు కాలును. పొగ కన్నులకు, రొమ్మునకు తగులును. ఒక నిమిషపు బొమ్మలో తళతళ లాడు గాజు కనబడును, చేతి వేగము కనబడును, వెనుక సినిమాపాట వినబడును, పొగ కనబడదు. కూలి ఎంతయో వినబడదు. అదే విధముగ వెండిరేకు చేయువారి సుత్తి చప్పుడు. తోలుపొరల నడుమ వెండిముక్క నుంచి గంటల తరబడి లయగా కొట్టుదురు. ఆ చప్పుడు పాతబస్తీ గల్లీలకు తాళము వంటిది. యంత్రముల వలన అది తగ్గుచున్నది. ఆ చప్పుడును తీసివేసి పాట పెట్టిన లఘుచిత్రము ఎంత అందముగ నున్నను, తీయవలసినదానిని తీయనిదే.

ఛత్తాబజారు కథ మరింత చిత్రమైనది. ఉర్దూ పత్రికలకు, పుస్తకములకు, పెండ్లిపత్రికలకు వ్రాతగాండ్రు – కాతిబులు – కూర్చుండు వీధి అది. ఉర్దూ వ్రాయు నస్తలీఖ్ లిపిలో అక్షరము ప్రక్క అక్షరమునుబట్టి రూపు మార్చుకొని, వాలుగా క్రిందికి జారును; సీసపు అచ్చులకు అది లొంగలేదు. అందుచేత తెలుగు పత్రికలు అచ్చుల పెట్టెలతో తయారగుచున్న కాలమున సైతము ఉర్దూ దినపత్రికను చేతితో వ్రాసి అచ్చువేయవలసి యుండెను. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వ్రాసిన వేలకొలది అక్షరసంపుటుల ఆధారముగ నూరీ నస్తలీఖ్ యంత్రమున కెక్కినది. 1994లో ఇన్‌పేజ్ అను సాఫ్ట్‌వేరు వచ్చినది. అంతతో రెల్లుకలము ప్రక్కకు తప్పుకొన్నది. కాతిబులలో కొందరు కంప్యూటరు నేర్చిరి, కొందరు పెండ్లిపత్రికలకును దుకాణముల పలకలకును పరిమితులైరి, కొందరు మానుకొనిరి. నేడు ఆ వృత్తి తరచుగ వీడియోల కెక్కుచున్నది. అందులో ‘చివరి కాతిబు’ అను మాట తరచుగ వినబడును. కాని యంత్రములోని అక్షరము సైతము ఒక కాతిబు చేతివ్రాతయే యను సంగతి ఆ వీడియోలలో సాధారణముగ రాదు. అహ్మద్ జమీల్ చేయి కంప్యూటరును ఓడించినదా, కంప్యూటరు అతని చేతిని మ్రింగినదా యని ఎవరైన పది నిమిషముల చిత్రము తీసినచో అది చూడదగినదగును.

ఉపాధ్యాయులలో కొందరు ఫోనును తరగతికి శత్రువుగ భావింతురు. వారి బాధ అర్థము చేసికొనదగినదే. కాని పాతబస్తీ బడులలో చదువు పిల్లల యిండ్లలో లక్కగాజు చేయు తల్లి యున్నది, రేకు కొట్టు మేనమామ యున్నాడు, 1984ను కన్నులార చూచిన నానీ యున్నది. స్త్రీశక్తి సంఘటనవారికి ఒక టేప్‌రికార్డరు కావలసి వచ్చెను. ఈ పిల్లలకు ఆ యంత్రము జేబులోనే యున్నది. నానీని వెలుతురువైపు కూర్చుండబెట్టి, పంకా ఆపి, పాట పెట్టక, ఆమె చెప్పినంతసేపు కదలక వినుటయే నేర్పవలసిన విద్య. ఫోను అడ్డముగ పట్టుకొనుము, నడుమ మాటాడకుము – ఈ రెండు మాటలు చాలును మొదటి పాఠమునకు. ఆమె అనుమతి లేక పదిమందికి పంపరాదనునది రెండవ పాఠము. కలహముల జ్ఞాపకములలో పొరుగువారి పేర్లు దొర్లును గనుక అది మొదటిదానికంటె గట్టిది.

తీసినదానిని దాచుట మరియొక పని. ఫిల్ము పట్టీ పులియుటకు ముప్పది యేండ్లు పట్టును. ఫోను పోవుటకు ఒక వాన చాలును. వాట్సాపులో పంపిన బొమ్మ చేతులు మారిన కొలది చిక్కిపోవును. ‘అంగ్రేజ్’ కాలపు సి.డి. బిళ్ళలు చాల యిండ్లలో నేటికిని ఉన్నవి. వానిని తిప్పు యంత్రములు లేవు. కావున రెండు ప్రతులు, రెండు చోట్ల, బడిలో ఒకటి. వానితో పాటు ఒక నోటుపుస్తకము: చెప్పినవారు ఎవరు, ఏ మొహల్లా, తేదీ, తీసినవారు ఎవరు.

ఈ చివరిది చిన్న సంగతివలె కనబడును గాని కాదు. 1986 నాటి చిత్రమునకు మొదట చివర పేర్లున్నవి. దర్శకుని పేరు, కెమెరా పట్టినవాని పేరు, తోడు నిలిచిన బృందము పేరు ఉండుట చేతనే అది బెర్లిన్‌లో ఒక అలమారలో తన చోటు తాను కనుగొనగలిగినది. ఇరువది యేడేండ్ల తరువాత ఎవరిని అడుగవలెనో వెదకినవారికి తెలిసినది. ఈ సాయంకాలము గుల్జార్‌హౌజ్ దగ్గర ఎవరో బాలుడు ఫోను ఎత్తి పట్టుకొని తన తాతను మాటాడించుచుండవచ్చును. ఆ బొమ్మకు ఫోను తనంతట తాను పెట్టుకొను పేరు పదునాలుగు అంకెలు. అందులో తాత పేరు లేదు, గల్లీ పేరు లేదు.